ప్రవాహమును కొలుచుటకు దారి చూపిన వెంచురి

వర్తకమునకు ప్రాణము కొలత. ధాన్యమునకు కుంచమును మానికయు, వస్త్రమునకు గజమును, బంగారమునకు త్రాసును మన పెద్దలు ఏర్పరచిరి. ధాన్యము కుప్పయై నిలిచియుండును. వస్త్రము చేతికి దొరకును. బంగారము తట్టలో కదలక కూర్చుండును. కావున వానిని కొలుచుట సులభము. గొట్టములోపల పరుగెత్తు ద్రవమో, కంటికి కానరాదు, క్షణమైనను నిలువదు. ఆపి కొలుతమన్న ప్రవాహమే లేకుండ పోవును. ఆపకయే దానిని కొలుచుట యెట్లు?

ఈ ప్రశ్న నేడు తెలుగువారికి దూరపు ప్రశ్న కాదు. కృష్ణా గోదావరీ నదుల ముఖద్వారముల చెంత, కోనసీమ భూములలోను, వాని కెదురుగనున్న సముద్రగర్భమునను చమురును సహజవాయువును లభించుచున్నవి. బావినుండి పైకి వచ్చునది శుద్ధమైన చమురని తలంపరాదు. చమురు, వాయువు, ఉప్పునీరు, ఒక్కొక్కచో ఇసుకయు కలిసి ఒకే గొట్టమున ఉరుకుచు వచ్చును. అందు చమురెంత, వాయువెంత, నీరెంత యని తేలినగాని ప్రభుత్వమునకు రావలసిన భాగమును, త్రవ్వినవారికి చెందవలసిన భాగమును న్యాయముగ నిర్ణయింపబడవు. ఈ పనికై ప్రపంచమున వాడబడు యంత్రములలో పెక్కింటియందు, నడుము సన్నగిలిన చిన్న గొట్టమొకటి ముఖ్యాంగముగ నుండును. దానికి వెంచురి గొట్టమని పేరు. ఆ పేరు ఒక మహాశయునిది. ఆయన గతించి రెండువందల యేండ్లు దాటినది. ఆ జీవితకథ విద్యార్థులు తెలిసికొనదగినది.

బాల్యము – విద్య

జొవాన్ని బత్తీస్తా వెంచురి 1746వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన, ఇటలీ దేశపు ఉత్తరభాగమున, రెజ్జో నగరమునకు చేరువనున్న బిబ్బియానో అను చిన్న ఊరిలో జన్మించెను. స్వదేశీయులు ఆయన యింటిపేరును వెంతూరి యని పలుకుదురు. ఇంగ్లీషువారి నోట అది వెంచురి యై, ఆ రూపముననే మన పాఠ్యపుస్తకములకు వచ్చినది. పేరు ఒక భాషనుండి మరియొక భాషకు పోవునపుడు కొంత మారుట, పొరుగుభాషల నడుమ జీవించు మనకు క్రొత్త కాదు.

నాటికి ఇటలీ ఒక్క రాజ్యముగ నేర్పడలేదు. చిన్నచిన్న సంస్థానములుగ చీలియుండెను. బిబ్బియానో, రెజ్జో నగరములు మోదెనా ప్రభువుల యేలుబడిలోనివి. వెంచురి రెజ్జోలోని మతపాఠశాలయందు చదువుకొనెను. ఆయన గురువులలో లజ్జారో స్పల్లంజాని మిక్కిలి ప్రసిద్ధుడు. గబ్బిలములు కటికచీకటిలో దేనికిని తగులకుండ ఎగురుటకు కన్నులు కారణము కాదని తరువాతి కాలమున ప్రయోగములచే నిరూపించిన శాస్త్రజ్ఞుడీయనయే. గ్రంథములో నున్నదానిని నమ్మి యూరకుండక, స్వయముగ పరీక్షించి చూడవలెనను బుద్ధి శిష్యునకు ఈ గురువునుండియే అబ్బినదని చెప్పవచ్చును.

1769లో వెంచురి క్రైస్తవ మతాచార్యుడుగ దీక్ష గైకొని, రెజ్జో పాఠశాలయందే తర్కశాస్త్రము బోధింప నారంభించెను. కొన్ని యేండ్లకు మోదెనా విశ్వవిద్యాలయమువారు ఆయనను ఆహ్వానించిరి. అచ్చట క్షేత్రగణితమును తత్త్వశాస్త్రమును, పిమ్మట ప్రయోగపూర్వకమైన భౌతికశాస్త్రమును బోధించెను. తర్కము, గణితము, ప్రయోగము అను మూడును ఒక్కనియందు కూడుట అరుదు. ఆయన యందు అవి కూడినవి.

నీటితో పరిచయము

మోదెనా నగరము పో నదీమైదానమున నున్నది. దానికి ఒక వైపున సెక్కియా నది, మరియొక వైపున పనారో నది పారుచుండును. పల్లపు భూములు, వరదలు, గట్లు తెగుట, నీరు నిలిచి పొలములు పాడగుట అచ్చటి రైతులకు నిత్యానుభవములు. గోదావరీ కృష్ణా డెల్టాలను ఎరిగినవారికి ఈ కష్టమును విడమరచి చెప్పనక్కరలేదు. మోదెనా ప్రభువు మూడవ ఎర్కోలె తన రాజ్యమున వంతెనల నిర్మాణము, నదుల కట్టుదిట్టములు, మురుగుభూముల నుండి నీరు తీయించుట మొదలగు పనులను వెంచురికి అప్పగించెను. ఉదయమున బోధించు గణితమునకును సాయంకాలమున చూడవలసిన కాలువగట్టునకును నడుమ ఆయన నిత్యము తిరుగుచుండవలసి వచ్చెను. నీటి స్వభావమును సూత్రములనుండి మాత్రమే గాక నీటినుండియే నేర్చుకొను అవకాశము ఇట్లు కలిగినది.

తొట్టియు గొట్టములును

మోదెనాలో వెంచురి చేసిన ప్రయోగములకు కావలసిన సామగ్రి స్వల్పము. ఒక పెద్ద నీటితొట్టి, అందు నీటిమట్టము తగ్గకుండ ఎల్లప్పుడు పోయుచుండు ఏర్పాటు, తొట్టి ప్రక్కన ఒక రంధ్రము, ఆ రంధ్రమునకు తగిలించుటకు వేర్వేరు ఆకారములు గల గొట్టములు, క్రింద కొలతపాత్ర. పాత్ర నిండుటకు ఎంత కాలము పట్టినదో చూచి వ్రాసికొనుటయే పని.

గొట్టము తగిలించిన నీటికి అడ్డు పెరుగును గావున ప్రవాహము తగ్గవలెనని ఎవరైనను తలంతురు. జరుగునది వేరు. సన్నని రేకునందలి రంధ్రమునుండి, లెక్కప్రకారము రావలసిన నీటిలో నూటికి సుమారు 62 వంతులు మాత్రమే వచ్చును. అదే రంధ్రమునకు పొట్టి గొట్టము తగిలించిన నూటికి సుమారు 82 వంతులు వచ్చును. తొలుత సన్నగిలి, పిమ్మట మెల్లమెల్లగ వెడల్పగు గొట్టమును అమర్చిన ఇంకను హెచ్చును.

పూర్వము రోము నగరవాసులు ఈ చమత్కారమును అనుభవముచే ఎరుగుదురు. అచ్చట ఇండ్లకు నీరిచ్చు గొట్టముల ప్రమాణమును ప్రభుత్వము నిర్ణయించి, జలాశయమునుండి 50 అడుగుల దూరమువరకు గొట్టమును వెడల్పు చేయరాదని శాసించెను. శాసనమున్నదన్న దొంగతనమును ఉండియుండవలెను. ఏల అట్లగునో మాత్రము వారికి తెలియదు.

వెంచురి ఆ కారణమును వెదకెను. గొట్టము సన్నగిలినచోట ప్రక్కన చిల్లి పొడిచి చూచెను. నీరు బయటికి చిమ్ముటకు మారుగ, బయటిగాలి లోపలికి పీల్చబడెను. ఆ చిల్లికి ఒక వంపు గొట్టము నమర్చి, దాని కొనను క్రింది పాత్రలోని ద్రవమున ముంచెను. ద్రవము తనంతట పైకెక్కెను. అనగా ఇరుకుచోట ప్రవాహవేగము హెచ్చినది. అచ్చటి పీడనము తగ్గినది. ద్రవవేగము హెచ్చినచోట పీడనము తగ్గునను సూత్రమునకు పునాది 1738లో డానియెల్ బెర్నూలీ తన గ్రంథమున వేసియుండెను. దానిని చేతికి అందునట్లు, కంటికి కానవచ్చునట్లు గొట్టమున నిలిపి చూపినవాడు వెంచురి.

పారు నీరు తన ప్రక్కనున్న నిశ్చలజలమును గూడ వెంట లాగుకొనిపోవునని ఆయన గ్రహించెను. దానిని ప్రక్కలకు చలనము సంక్రమించుట యని పేర్కొని, నదులలోని సుడిగుండములకును, పడు నీరు గాలిని వెంట ఈడ్చుకొనివచ్చి కొలిమికి అందించు విధమునకును, పల్లపుభూముల నీటిని తీయుటకును అన్వయించెను.

పారిస్ నగరమున

1796లో నెపోలియన్ సేనలతో ఇటలీలో ప్రవేశించెను. చిన్న సంస్థానములు వణికిపోయినవి. మోదెనా ప్రభువు సంధి మాటలాడుటకై పారిస్ నగరమునకు రాయబారులను పంపెను. వారికి కార్యదర్శిగ వెళ్లినవాడు వెంచురి. రాయబారము ఫలింపలేదు. ఆ సంవత్సరముననే ప్రభువు రాజ్యము అతని చేయి జారిపోయెను. పంపిన యజమానుడు లేడు, వచ్చిన పని చెడినది, ఉన్నది పరదేశము. అట్టి స్థితిలో ఏబదియేండ్ల వయస్సుగల ఆచార్యుడు నిరాశపడి కూర్చుండలేదు. పారిస్ శాస్త్రజ్ఞులతో పరిచయము చేసికొని, తన జలప్రయోగముల గ్రంథమును 1797లో ఫ్రెంచి భాషయందు ప్రకటించెను.

ఆ సంవత్సరముననే ఆయన మరియొక గొప్ప కార్యము నెరవేర్చెను. నెపోలియన్ మిలాన్ నగరపు గ్రంథాలయమునుండి లియొనార్డో డా వించి వ్రాతప్రతులను పారిస్ నగరమునకు తరలించియుండెను. లియొనార్డో 1519లోనే మరణించెను. లోకమునకు అతడు చిత్రకారుడుగ మాత్రమే తెలియును. అతని వ్రాతలు ఎడమచేతితో, కుడినుండి ఎడమకు, అద్దమున చూచిన అక్షరములవలె వ్రాయబడినవి, చదువుట కష్టము. వెంచురి వానిని ఓపికతో చదివి, లియొనార్డో యంత్రశాస్త్రమునందును, జలశాస్త్రమునందును, భూశాస్త్రమునందును ఎంత దూరము ఆలోచించెనో ఒక గ్రంథమున తెలిపెను. ఆ ప్రతులకు ఏ మొదలు ఎమ్ వరకు ఆయన ఇచ్చిన అక్షరపు గుర్తులతోనే నేటికిని పండితులు వానిని పేర్కొనుచున్నారు. దాదాపు మూడువందల యేండ్లుగ మరుగుపడియున్న శాస్త్రజ్ఞుని ఆయన ఇట్లు వెలుగులోనికి తెచ్చెను.

వెంచురి వినికిడిని గూర్చియు పరిశోధించెను. ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో మనకెట్లు తెలియును? ఒక చెవి మూసికొన్నవాడు ధ్వని వచ్చు దిక్కును గుర్తించుటలో పొరబడుటను గమనించి, రెండు చెవులకును ధ్వని సమానమైన బలముతో చేరకుండుటయే దిక్కు తెలియుటకు కారణమని నిర్ణయించెను. రెండుచోట్ల కలుగు భేదమును పోల్చి కనబడని దానిని తెలిసికొనుట ఈ పరిశోధనకు మూలసూత్రము. ముందు చెప్పబోవు మాపకమునకును అదియే మూలము.

కడపటి దినములు

ఇటలీకి మరలివచ్చిన పిమ్మట వెంచురి మోదెనా సైనికపాఠశాలయందును, తరువాత పావియా విశ్వవిద్యాలయమునందును ఆచార్యుడుగ నుండెను. అటుపిమ్మట స్విట్జర్లాండు దేశపు బెర్న్ నగరమున రాజప్రతినిధిగ నియమింపబడి 1813వరకు పనిచేసెను. ఉద్యోగవిరమణానంతరము విశ్రాంతి గైకొనక, 1814లో దృష్టిశాస్త్ర చరిత్రమును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. గెలీలియోకు సంబంధించి అచ్చుకాక చెదరియున్న లేఖలను సేకరించి 1818 మొదలు 1821 వరకు రెండు సంపుటములుగ వెలువరించెను. జలగ్రంథమును ఫ్రెంచి భాషయందు వ్రాసిన ఆయన, ఈ గ్రంథములను మాతృభాషయగు ఇటాలియనులో వ్రాసెను. పొరుగుభాష ఆయనకు విశాలప్రపంచమును తెరచినది. తల్లిభాషకు ఆ ప్రపంచమునుండి కానుకలు తెచ్చుట ఆయన మరువలేదు. మన విద్యార్థులును వారి తల్లిదండ్రులును ఈ విషయమును మనస్సున నుంచుకొనదగును.

1822 సెప్టెంబరు 10వ తేదీన రెజ్జో నగరమున వెంచురి పరలోకగతుడయ్యెను. మరునాటికి ఆయనకు 76 యేండ్లు నిండియుండెడివి.

అమెరికాలో పునర్జన్మ

వెంచురి తన గొట్టమును కొలతసాధనముగ చేయలేదు. ఆ కార్యమును సాధించినవాడు అమెరికా దేశపు జలశాస్త్ర నిపుణుడు క్లెమెన్స్ హెర్షెల్. ఇతడు 1842లో పుట్టి 1930లో మరణించెను. మాసచూసెట్స్ రాష్ట్రమందలి హోల్యోక్ పట్టణమున ఒక కంపెనీ నదీజలశక్తిని కాగితపు మిల్లులకును ఇతర మిల్లులకును అమ్ముచుండెను. హెర్షెల్ ఆ కంపెనీయందు ఇంజనీరు. ఏ మిల్లు ఎంత నీరు వాడినదో తేల్చుట అతని బాధ్యత. కొలత హెచ్చిన మిల్లువానికి నష్టము; తగ్గిన కంపెనీకి నష్టము.

హెర్షెల్ సుమారు తొంబదియేండ్లనాటి వెంచురి ప్రయోగములను చదివి యుపాయము కనుగొనెను. గొట్టము వెడల్పుగనున్నచోట ఒకటి, సన్నగనున్నచోట ఒకటి, నిలువుటద్దపు గొట్టములు పెట్టిన, వానియందలి నీటిమట్టముల భేదమే ప్రవాహమును తెలుపును. ఒక లెక్క చూతము. సన్నని చోట వ్యాసము సగమైన, వైశాల్యము నాల్గవవంతగును. కావున వేగము నాలుగు రెట్లగును. వెడల్పుచోట నీరు సెకనుకు 1 మీటరు నడచిన, సన్నని చోట 4 మీటర్లు నడచును. ఘర్షణ నెంచకున్న, రెండు మట్టములకు భేదము సుమారు 76 సెంటీమీటర్లుండును. ప్రవాహము రెండింతలైన ఆ భేదము నాలుగింతలగును. తిరుగు చక్రములు లేవు, అరుగు కీళ్లు లేవు. ప్రవాహము ఆగనక్కరలేదు.

హెర్షెల్ తన ప్రయోగములను 1887లో ప్రకటించి, 1888లో పేటెంటు పొందెను. తన పేరు పెట్టుకొనుటకు అతనికి హక్కు లేకపోలేదు. అయినను సాధనమునకు వెంచురి మాపకమని పేరు పెట్టెను. లియొనార్డోకు వెంచురి చేసిన ఉపకారమును హెర్షెల్ వెంచురికి చేసెను. అంతటితో ఆగక, రోము నగర జలాధికారియై 97వ సంవత్సరమున నీటిదొంగతనములను బయటపెట్టిన ఫ్రాంటినస్ వ్రాసిన ప్రాచీనగ్రంథమును గూడ అనువదించి 1899లో ప్రకటించెను.

మిశ్రమ ప్రవాహపు చిక్కు

ఇక చమురుబావి సంగతి. వెంచురి మాపకము ఒకే ద్రవమును చక్కగ కొలుచును. మిశ్రమము వచ్చినపుడే చిక్కు. పీడనభేదము వేగముపై మాత్రమే గాక ద్రవసాంద్రతపై గూడ ఆధారపడియుండును. సెకనుకు 1 మీటరు వేగముతో పోవు నీరు ఎంత పీడనభేదము కలిగించునో, నీటిలో సగము సాంద్రత గల మిశ్రమము సెకనుకు సుమారు 1.41 మీటర్లు పోయినపుడును అంతే కలిగించును. భేదమొక్కటే చూచినవాడు ఈ రెంటిలో ఏది జరిగినదో చెప్పలేడు. పాలు ఎన్ని శేర్లో కొలిచినంతమాత్రమున అందు నీరెంతయో తెలియనట్లే ఇదియును.

మరియు వాయువును ద్రవమును ఒకే వేగముతో నడువవు. వాయువు ఒకప్పుడు చిన్న బుడగలుగ ద్రవమున తేలుచు పోవును. ఒకప్పుడు పెద్ద ముద్దలై, నడుమ నడుమ ద్రవపుముద్దలను నెట్టుకొనుచు గొట్టము అదరునట్లు పోవును. మరియొకప్పుడు గొట్టము నడిమి భాగమంతయు వాయువే ఆక్రమించి, ద్రవము గోడలను అంటుకొని ప్రాకును. బావి వయస్సు పెరిగినకొలది చమురు తగ్గి నీరు హెచ్చుటయు కలదు.

పూర్వము దీనికి ఒకటే మార్గముండెను. మిశ్రమమును పెద్ద పాత్రలోనికి వదలి, వాయువు పైకి, చమురు నడుమకు, నీరు అడుగునకు చేరువరకు ఆగి, మూటిని వేర్వేరుగ కొలుచుట. నమ్మదగిన పద్ధతియే, నేటికిని వాడుదురు. కాని పాత్ర బరువైనది, కాలము పట్టును. పెక్కు బావులకు ఒకే పాత్ర యున్నపుడు ఒక్కొక్క బావికి వంతు వచ్చువరకు కనిపెట్టుకొనియుండవలెను. సముద్రము నడుమ వేదికపై అంగుళము చోటునకు గూడ విలువ యెక్కువ.

కావున 1980 తరువాత శాస్త్రజ్ఞులు విడదీయకుండ కొలుచు మాపకములకై శ్రమించిరి. 1990ల నుండి అవి బావులయందు వాడుకలోనికి వచ్చినవి. వానిలో ప్రసిద్ధమైన యొక విధమున, వెంచురి గొట్టపు ఇరుకుభాగమునకు ఒక వైపున కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థమును, ఎదుటివైపున గ్రాహకమును ఉంచుదురు. ఆ పదార్థమునుండి వెలువడు గామా కిరణములు మిశ్రమము గుండ పోవును. వాయువు వానిని స్వల్పముగను, ద్రవములు అధికముగను అడ్డగించును. వేర్వేరు శక్తులు గల కిరణములను చమురు, ఉప్పునీరు వేర్వేరు పాళ్లలో అడ్డగించును. దానినిబట్టి మూటి పాళ్లు తేలును. పాళ్లు తెలిసిన సాంద్రత తెలియును. సాంద్రత తెలిసిన, వెంచురి చూపు పీడనభేదమునుండి మొత్తము ప్రవాహము తెలియును. వాయువు ద్రవముకంటె ముందుకు జారు వేగమును గణితముచే సరిచేయుదురు. అయినను ఒక్క ద్రవమును కొలుచునంతటి నిక్కచ్చితనము మిశ్రమమున లభింపదు. అందుచే ఆ మాపకములను అప్పుడప్పుడు పరీక్షించి సరిచూడవలసియే యుండును.

కొలతలో నూటికి ఒకటి రెండు వంతుల పొరపాటు చిన్నదిగ తోచవచ్చును. బావి రాత్రింబవళ్లు పారును. పొరపాటును దానితోకూడ పారును. వేర్వేరు యజమానుల బావులు ఒకే గొట్టమున కలిసినపుడు ఒకని సొమ్ము మరియొకనికి చేరును. భూగర్భసంపద ప్రజలది గావున ప్రభుత్వమునకు తగ్గిన ప్రతి రూపాయి ప్రజలకు తగ్గినట్లే. కొలత సరిగనుండుట ధర్మము సరిగనుండుటయే.

మన పెద్దలు మానవుడు పుట్టుకతోనే దేవఋణము, పితృఋణము, ఋషిఋణము అను మూడు ఋణములతో పుట్టునని చెప్పిరి. విద్యను గ్రహించి పరులకు అందించుటయే ఋషిఋణమును తీర్చు మార్గము. వెంచురి లియొనార్డోయెడలను గెలీలియోయెడలను ఆ ఋణము తీర్చుకొనెను. హెర్షెల్ వెంచురియెడల తీర్చుకొనెను. అందుచేతనే ఒక చిన్న ఊరిలో పుట్టి, తొట్టిలో నీరు నింపుచు కాలమును లెక్కించిన యొక ఉపాధ్యాయుని పేరు, ఆయన కలలోనైన ఎరుగని సముద్రగర్భపు బావులయందు నేడు పలుకబడుచున్నది. విద్యార్థులు తమ పాఠశాల ప్రయోగశాలలో గొట్టమును తొట్టికి తగిలించి నీటిమట్టములను చూచునపుడు, ఆ భేదమును ఉన్నదున్నట్లు వ్రాసికొనవలెను. శాస్త్రమును న్యాయమును రెండును ఆ సత్యమైన వ్రాతపైననే నిలిచియున్నవి.